స్పీకర్లు కొనేముందు షోరూంలో ఎట్లా వినాలి: అనంతపురం నుంచి పొయ్యేవాళ్ళ కోసం పూర్తి గైడ్

మన అనంతపురంలో టీవీ కావాలన్నా ఫ్రిజ్ కావాలన్నా సాయంత్రం సుభాష్ రోడ్డులో ఒక చుట్టు తిరిగితే పనైపోతుంది. పాటలు వినడానికి మంచి స్టీరియో స్పీకర్లు కావాలంటే మాత్రం అంత తొందరగా తెగదు. నేను తిరిగినంతలో ఇక్కడ డెమో పెట్టి వినిపించేవి సౌండ్‌బార్లు, హోమ్ థియేటర్ సెట్లు, మహా అంటే ఒకటి రెండు కంపెనీల బుక్‌షెల్ఫ్ స్పీకర్లు (అర మీదో స్టాండు మీదో పెట్టుకునే చిన్న డబ్బాలు). లక్షల్లో ఉండేవి చెవిన పడాలంటే బెంగళూరుకు పోవాల్సిందే, కర్నూలు వాళ్ళయితే హైదరాబాదుకు, కడప వాళ్ళు చెన్నైకో బెంగళూరుకో. ఎటు పోయినా రెండు వందల కిలోమీటర్ల పైమాటే. అంత దూరం పోయి, గంటసేపు విని, ఏదో ఒకటి నచ్చిందనుకుని డబ్బులు కట్టేసి వచ్చి, ఇంట్లో పెట్టుకున్నాక అక్కడ విన్నది ఇదేనా అని బాధపడినవాళ్ళు నాకు తెలిసి నలుగురైదుగురున్నారు, అందులో నేనొకణ్ణి.

ఒక పెద్ద షోరూంలో 52 వేలు పెట్టి ఒక జత కొన్నాను. అక్కడున్న అన్నిటికంటే అదే క్లియర్‌గా, గట్టిగా వినిపించింది. మా ఇల్లు కమలానగర్‌లో, హాల్లో నేలంతా తాడిపత్రి బండలే, గోడలకు క్యాలెండర్ తప్ప ఏమీ లేదు. పెట్టిన మొదటి రోజే సుశీలమ్మ పాటలో ప్రతి 'స', ప్రతి 'శ' చెవిలో సూది మాదిరి గుచ్చుకునింది. వారం తిరక్కముందే మా ఇంటామె వంటింట్లోంచి తగ్గించమనడం, నెలకల్లా నేనే తగ్గించుకోవడం, అయిదు నెలలకు సగం రేటుకు అమ్మేయడం, అంతా అయిపోయింది. స్పీకర్ చెడ్డది కాదు. నేను విన్న పద్ధతే తప్పు, వినేముందు మా హాలు గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

తర్వాత రెండేళ్ళు దీని మీదే పడి చదివి, ఫ్రెండ్స్‌తో కలిసి షోరూంలు తిరిగి కుదుర్చుకున్న పద్ధతి ఇది. చవక స్పీకర్ కొనేవాళ్ళు కూడా ముందు ఖరీదైనది వినాలి. కొనడానికి కాదు, మీ పాటల్లో అసలు ఏమేమి ఉందో తెలుసుకోవడానికి. అది ఒకసారి తెలిశాక, మీ బడ్జెట్‌లో ఉన్నవాటిలో ఏది తక్కువ పోగొడుతోందో మీ చెవే చెప్తుంది. దుకాణంవాడు చెప్పాల్సిన పని ఉండదు.

ముందు ఇల్లు కొలుచుకోండి

టేపు తీసుకుని స్పీకర్లు పెట్టబోయే గది పొడుగు, వెడల్పు, ఎత్తు మీటర్లలో రాసుకోండి. శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. గది కొలతను రెండింతలు చేసి, ఆ వచ్చినదాంతో 343ని భాగిస్తే, ఆ రెండు గోడల మధ్య ఏ బేస్ సౌండ్ పట్టుకుని ఊగుతుందో వస్తుంది. 12 అడుగులంటే 3.66 మీటర్లు, లెక్క చేస్తే 47 హెర్ట్జ్. 10 అడుగుల స్లాబు ఎత్తుకు 56 హెర్ట్జ్. మన దగ్గర 12 బై 12 గదులు శానా ఎక్కువ, అట్లాంటి చదరం గదిలో పొడుగుకూ వెడల్పుకూ అదే 47 వస్తుంది, అంటే ఆ ఒక్క స్వరం దగ్గర రెండింతలు గుయ్యిమంటుంది. ఆ గదిలోకి బేస్ దండిగా ఉండే పెద్ద టవర్ స్పీకర్ తెచ్చిపెడితే తలనొప్పే. మీ గది అట్లాంటిదైతే చిన్న బుక్‌షెల్ఫే మీకు నయం, డబ్బులున్నా సరే.

తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. చప్పట అయిపోయాక టింగ్‌మని ఒక తోక వినిపిస్తే గోడలు, నేల శబ్దాన్ని మింగడం లేదని అర్థం. కడప బండలు, తాడిపత్రి బండలు, బేతంచెర్ల బండలు, ఇప్పుడొచ్చిన టైల్స్, ఏవైనా సరే ట్రెబుల్‌ని, అంటే సన్నటి శబ్దాలను, అట్లనే తిప్పి కొడతాయి. షోరూంలో ఏమో కార్పెట్, సోఫాలు, గోడలకు ఫోమ్ ప్యానెళ్ళు. అక్కడ క్లియర్‌గా వినిపించేది ఇక్కడ గుచ్చుకోవడం వింతేమీ కాదు. నేను 52 వేల స్పీకర్ అమ్మేసిన తర్వాతే ఒక బొంత నేల మీద పరిచి, గుడ్డ పరదాలు వేసి చూసినాను, హాలే మారిపోయింది. ఆ పని ముందే చేసుంటే డబ్బులు మిగిలేవి. ఇంకోటి, స్పీకర్ వెనకాల గోడకు ఎంత జాగా వదలగలరో కూడా రాసుకోండి, ఒక అడుగా, అరడుగా, లేదా గోడకు ఆనించాల్సిందేనా. గది ఫోటోలు ఫోన్‌లో పెట్టుకోండి.

పాటలు

ఎనిమిది పాటలు చాలు, అంతకుమించి వద్దు. షోరూంవాళ్ళు పెట్టే పాటలు వాళ్ళ స్పీకర్‌కు నప్పేవి, వాటితో మీకేమీ తెలియదు. మీరు వందసార్లు విన్నవి, ఎక్కడ ఏ వాయిద్యం వస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవి తీసుకోండి. వాట్సాప్‌లో ఫార్వర్డ్ అయిన ఫైళ్ళు పనికిరావు, సగం వివరం అప్పటికే పోయుంటుంది. సీడీ నుంచి తీసిన ఫ్లాక్ ఫైళ్ళు (వివరం ఏమీ పోకుండా దాచే రకం), లేదా డబ్బులు కట్టిన యాప్‌లో లాస్‌లెస్ క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసినవి పెన్‌డ్రైవ్‌లో, ఫోన్‌లో రెండింటిలో ఉంచుకోండి. బ్లూటూత్‌లో కాదు, వైరుతోనే వినాలి.

నేను తీసుకునిపోయే వాటిలో మొదటిది ఘంటసాల గారి పాత పాట, 1950లదో 60లదో. పాతది ఎందుకంటే అప్పటి సినిమా పాటలు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లలోనూ ఒకే శబ్దం వస్తుంది కాబట్టి గొంతు సరిగ్గా రెండింటి మధ్యలో, ఖాళీ జాగాలో, మనిషి నిలబడినట్టు వినిపించాలి. గొంతు ఒక పక్కకు జరిగినా, అంతటా పరుచుకున్నట్టు ఉన్నా, జతలో ఏదో తేడా ఉంది, లేదా ఒక స్పీకర్‌కు ప్లస్ మైనస్ వైర్లు తిరగేసి కలిపినారు. అట్లా తిరగేస్తే బేస్ కూడా సన్నగిల్లుతుంది. ఇది షోరూంలలో మీరు అనుకునేదానికంటే ఎక్కువగానే జరుగుతుంది, నేను రెండుసార్లు చూసినాను. రెండో టెస్టు తంబుర, మృదంగం ఉన్న కచేరీ, బాలమురళి గారిదో ఇంకొకరిదో. మూడోది నాదస్వరం డోలు. నాలుగోది ఆడగొంతు, 'స' 'శ' 'ష' బాగా ఉండే పాట. తర్వాత బేస్ గిటార్ నడక స్పష్టంగా ఉండే పాట ఒకటి, యాభై వాయిద్యాలు ఒకేసారి మోగే ఇప్పటి సినిమా పాట ఒకటి. ఏడోది మీకు ఇష్టమైనది ఏదైనా, కారణం అక్కర్లేదు.

ఎనిమిదోది పాట కాదు. మీ ఇంట్లో మనిషి మాట్లాడిన రెండు నిమిషాల రికార్డింగు. మా అమ్మ చెనక్కాయల రేటు గురించి మాట్లాడింది నా దగ్గరుంది. ఆ గొంతు నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు, దాన్ని ఏ స్పీకర్ అయినా ముక్కుతో మాట్లాడించినా, డబ్బాలోంచి మాట్లాడించినా నాకు క్షణంలో తెలిసిపోతుంది.

పోయేముందు వారంలో వీలైతే మైకు లేని సంగీతం ఒకసారి దగ్గర్నుంచి వినిరండి. గుళ్ళో ఉత్సవానికి నాదస్వరం వాయించేవాళ్ళ పక్కన పది నిమిషాలు నిలబడండి, లేదా ఊళ్ళో ఉరుములు (డోలు లాంటి వాయిద్యం) వాయించేటప్పుడు వినండి. నిజం డోలు దెబ్బ ఎంత పొడిగా, ఎంత తొందరగా ఆగిపోతుందో విన్న చెవికి, షోరూంలో సాగదీసిన బేస్ అదేందో వెంటనే పట్టుబడుతుంది.

ఫోను, ప్రయాణం

ముందు ఫోన్ చేసి మాట్లాడండి. శనివారం, ఆదివారం వద్దు. వారం మధ్యలో పొద్దున పూట షోరూం ఖాళీగా ఉంటుంది. బడ్జెట్ దాచిపెట్టొద్దు. నేను ఇట్లనే అడుగుతాను: "అన్నా, నా దగ్గర ఉండేది 40 వేలు. కానీ ముందు మీ దగ్గరుండే పెద్దవి అరగంట వినాల. అది విన్నాక 40లో ఏముందో చూపించండి." ఒకాయన "అట్లా నేరుగా చెప్పేవాళ్ళు తక్కువ సార్, మంగళవారం పొద్దున రాండి, ఎవరూ ఉండరు" అన్నాడు, మూడు గంటలు ఓపిగ్గా కూర్చున్నాడు. అట్లా కూర్చున్నాయన దగ్గర విని, వెయ్యి రూపాయలు తక్కువని ఆన్‌లైన్‌లో కొనొద్దు. ఆయన అద్దె కడుతున్నాడు కాబట్టే మనకు వినే గది ఉంది.

చెవుల సంగతి మర్చిపోవద్దు. నాలుగు గంటలు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఇంజను హోరు, హారన్లు తిని నేరుగా షోరూంకి పోతే చెవులు అప్పటికే మొద్దుబారి ఉంటాయి, ముఖ్యంగా ట్రెబుల్ సరిగ్గా తెలియదు. అట్లాంటప్పుడు గుచ్చుకునే స్పీకరే క్లియర్‌గా అనిపిస్తుంది. నా 52 వేల కథలో ఇదీ ఒక భాగమే అని ఇప్పుడు అనుకుంటాను. వీలైతే ముందురోజు రాత్రికే పోయి పడుకోండి, లేకుంటే రైల్లో చెవుల్లో దూది పెట్టుకుని పోయి, దిగినాక ఉగ్గాని బజ్జీ దొరికితే నెమ్మదిగా తిని, ఒకటి రెండు గంటలు నిమ్మళంగా ఉండి అప్పుడు లోపలికి పోండి. ముందురోజు వినాయకుడి ఊరేగింపులో డీజే బండి పక్కన నడిచుంటే, లేదా జలుబు చేసుంటే, వాయిదా వేసుకోండి.

షోరూంలో కూర్చునేముందు

అర మీద వరసగా పదిహేను స్పీకర్లు పేర్చి, స్విచ్చి మార్చి ఇది విను అది విను అంటారు. అట్లా వినొద్దు. పక్కపక్కన ఉన్న మిగతా స్పీకర్ల కోన్లు కూడా కొంచెం ఊగుతాయి, పైగా ఒక్కోటి ఒక్కో జాగాలో, ఒక్కో ఎత్తులో ఉంటుంది. వినాలనుకున్న జత మాత్రమే స్టాండ్ల మీద పెట్టమనండి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో మీకూ వాటికీ కూడా అంతే దూరం ఉండాలి, ఏడెనిమిది అడుగుల త్రిభుజం అనుకోండి. ట్వీటర్, అంటే స్పీకర్‌లో సన్నటి శబ్దాలు పలికే చిన్న భాగం, మీ చెవి ఎత్తుకు రావాలి. యాంప్‌లో (స్పీకర్లకు పవర్ ఇచ్చే యాంప్లిఫయర్‌లో) బేస్, ట్రెబుల్ సున్నాకు తెప్పించి, లౌడ్‌నెస్ బటన్ తీయించండి. సబ్‌ఊఫర్ ఆపమని చెప్పండి, ఇది అడక్కపోతే చిన్న స్పీకర్ బేస్ చూసి మోసపోతారు. పెద్ద ఏసీ గుర్రుమంటుంటే పది నిమిషాలు ఆపమనండి.

యాంప్ కూడా మీరు ఇంట్లో వాడబోయే స్థాయిదే ఉండాలి. 40 వేల స్పీకర్‌ని 4 లక్షల యాంప్‌కు తగిలించి వినిపిస్తే మీరు వినేది మీ ఇంటికి రాదు. ఖరీదైన స్పీకర్ వినేటప్పుడు మాత్రం వాళ్ళ మంచి యాంప్ ఉండనీయండి, అక్కడ మన పని చెవికి నేర్పడం.

వాల్యూమ్ సమానం చేయడం: మొత్తం గైడ్‌లో ఇదొక్కటి చేసినా చాలు

రెండు స్పీకర్లలో ఏది కొంచెం గట్టిగా మోగుతుందో అదే మనకు బాగున్నట్టు అనిపిస్తుంది. ఒక డీబీ (డెసిబెల్, శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) తేడా ఉంటే గట్టిగా ఉందని అనిపించదు, క్లియర్‌గా ఉంది, లోతుగా ఉంది అనిపిస్తుంది. మనిషి చెవి తీరే అంత, సౌండ్ పెరిగేకొద్దీ బేస్ నిండుగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అని అమెరికాలో ఇద్దరు 1933లోనే ఈ చెవి తీరుకు గ్రాఫులు గీసి పెట్టినారు.

ఇప్పుడు స్పీకర్ వెనక రాసుండే సెన్సిటివిటీ చూడండి, అంటే అదే పవర్‌కు ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె. ఒకటి 85 డీబీ, ఇంకోటి 91 డీబీ అనుకుందాం. నాబ్ కదపకుండా జత మారిస్తే రెండోది 6 డీబీ గట్టిగా మోగుతుంది. 3 డీబీకి పవర్ రెండింతలు కాబట్టి, మొదటిదాన్ని అంత గట్టిగా మోగించాలంటే నాలుగింతల పవర్ కావాలి. సేల్స్‌మన్ మోసం చేయాలనుకోకపోయినా సరే, నాబ్ అట్లనే వదిలేస్తే ఫలితం ముందే తేలిపోయినట్టే.

పని సులువే. ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ ఒకటి వేసుకోండి, పింక్ నాయిస్ ఫైల్ ఒకటి పెట్టుకోండి. రేకుల మీద వాన పడినట్టు హోరు వస్తుంది, దాన్నే పింక్ నాయిస్ అంటారు. 500 నుంచి 2000 హెర్ట్జ్ వరకే ఉండేది దొరికితే ఇంకా మంచిది, అప్పుడు ఒక స్పీకర్‌లో బేస్ ఎక్కువున్నా కొలత చెడదు. మీ తల ఉండే చోట ఫోన్ పట్టుకుని మొదటి జతకు 75 డీబీ దగ్గర పెట్టి, యాంప్ డిస్‌ప్లేలో నంబరు రాసుకోండి. రెండో జతకు అదే 75 వచ్చేదాకా తిప్పి ఆ నంబరూ రాసుకోండి. ఫోన్ మీటరు పక్కా కొలత చూపించదు, ఫరవాలేదు, అదే ఫోన్ అదే చోట పట్టుకుంటే రెండింటినీ పోల్చడానికి సరిపోతుంది. తేడా అర డీబీ లోపలే ఉండాలి. మొదటిసారి ఇది చేసినప్పుడు అప్పటిదాకా నేను శానా గొప్పగా ఉందనుకున్న స్పీకర్ ఒక్కసారిగా మామూలైపోయింది, పక్కనున్న చిన్నది బాగా పాడింది. అప్పటి నుంచి మీటరు లేకుండా నేను ఎవరి మాటా నమ్మను, నా చెవి మాట కూడా.

75 నుంచి 80 మధ్యే వినండి. 85 డీబీ దగ్గర రోజుకు 8 గంటలు వినొచ్చంటారు, ప్రతి 3 డీబీకి ఆ టైం సగమైపోతుంది, 94 దగ్గరకొస్తే ఒక గంటే. డెమోలో అదరగొట్టడానికి 95 పెట్టి వినిపిస్తే పావుగంటలో చెవి అలిసిపోతుంది, తర్వాత విన్నదంతా లెక్కలోకి రాదు.

ఖరీదైనది వినడం

ఇప్పుడు మూడు లక్షలదో ఎనిమిది లక్షలదో పెట్టించుకోండి. దాన్ని చూసి జంకాల్సిన పనేం లేదు. వీలైతే ఒకే కంపెనీలో పైదీ కిందిదీ వినండి, ఆ కంపెనీ పనితీరు ఒకటే కాబట్టి డబ్బు దేనికి పోతుందో తెలిసిపోతుంది. బవర్స్ అండ్ విల్కిన్స్ అయితే 800 సిరీస్ ఒకటి, 600 సిరీస్ ఒకటి. కెఇఎఫ్ అయితే రిఫరెన్స్ ఒకటి, క్యూ సిరీస్ ఒకటి, రెండింటిలోనూ ట్వీటర్ ఇంకో పెద్ద కోన్ నడిమధ్యలోనే ఉంటుంది, దాన్ని యూని-క్యూ అంటారు. 1961లో ఇంగ్లండ్‌లో మొదలైన ఆ కంపెనీ 50 ఏళ్ళ పండగకు 2012లో తెచ్చిన ఎల్ఎస్50 కూడా అదే పద్ధతి, చిన్న డబ్బానే కానీ గొంతు విషయంలో చెవికి నేర్పడానికి అదీ మంచి పంతులే.

మొదటి పాట పూర్తిగా వినండి, ఏమీ వెతకొద్దు. రెండోసారి కాగితం మీద రాయండి: ఏం కొత్తగా వినిపించింది? నాకు అట్లా రాసుకున్న కాగితాలు ఇప్పటికీ ఉన్నాయి. "తంబుర పాట మధ్యలో మాయం కాలేదు, చివరిదాకా వెనకాలే ఉంది." "మృదంగం ఎడమ పక్క దెబ్బ, కుడి పక్క దెబ్బ వేరే వేరే చోట పడినట్టు తెలిసింది." "గాయని ఊపిరి తీసుకోవడం." "వాయిద్యాలన్నీ వచ్చినప్పుడు కూడా గొంతు పిసకబడలేదు." "సౌండ్ తగ్గించినా బేస్ నడక తెలుస్తోంది." ఇవి ఆరేడు వాక్యాలు వస్తే చాలు, ఇవే మీ కొలబద్ద. ఇంక బడ్జెట్ స్పీకర్ ముందు కూర్చున్నప్పుడు బాగుందా బాలేదా అని అడుక్కోవద్దు, తంబుర ఉందా పోయిందా అని చూడండి.

డబ్బు ఎక్కువ పెడితే నిజంగా వచ్చేవి ఏమంటే, డబ్బా ఊగదు (వేలి కణుపుతో పక్కన తట్టి చూడండి, చవకది డొల్లగా డబ్‌మంటుంది, మంచిది గోడను తట్టినట్టుంటుంది), గట్టిగా పెట్టినా చెదరదు, బేస్ ఇంకా కిందికి దిగుతుంది, పెద్ద గదిని నింపుతుంది. 15 వేల జత నుంచి 40 వేల జతకు పోతే తేడా ఎవరికైనా తెలుస్తుంది. 40 నుంచి లక్షకు పోతే తెలుస్తుంది కానీ వెతకాలి. ఆపైన నా చెవికి తేడా ఉంది, కానీ నా 12 బై 14 హాల్లో దానికి పనిలేదు.

బడ్జెట్ స్పీకర్లు వినడం

ఒక రోజుకు మూడు జతలు, అంతకుమించొద్దు. వార్ఫ్‌డేల్ డైమండ్ లాంటివి, మన దేశంలో కోల్‌కతాలో 1970లో మొదలైన సోనోడైన్ వాళ్ళవి, ఇంకా ఆ షోరూంలో ఉండే ఒకటి, ఇట్లా ముందే ఫోన్‌లో ఖాయం చేసుకోండి. సన్నటి తేడాలు చెవికి కొన్ని క్షణాలే గుర్తుంటాయి, కాబట్టి మొత్తం పాట విని, వైర్లు మార్చి, టీ తాగి మళ్ళీ వింటే ఏమీ గుర్తుండదు. ఇరవై ముప్పై సెకన్ల ముక్క ఒకటి ఎంచుకుని అదే ముక్క వెంటవెంటనే రెండింటిలో వినండి. స్పీకర్ సెలెక్టర్ స్విచ్ ఉందేమో అడగండి. తేడా పట్టుకున్నాక మాత్రం, ఒక్కో జతతో పదిహేను నిమిషాలు పాటలు పూర్తిగా వినాలి, ఎందుకంటే ముప్పై సెకన్లలో మెరిసేది పదిహేను నిమిషాల్లో విసిగించొచ్చు.

తర్వాత లేచి నిలబడండి. పక్కకు నడవండి, గది మూలకు పోండి, పాట ఆగకుండా. గొంతు రంగు మారిపోతుందా? ఎదురుగా కూర్చుంటే బంగారంలా ఉండి, రెండడుగులు పక్కకు జరిగితే డబ్బాలో మాట్లాడినట్టుంటే ఆ స్పీకర్ మన ఇళ్ళకు పనికిరాదు. ఎందుకంటే బండల నేల, ఖాళీ గోడలు ఉన్న గదిలో మీ చెవికి చేరే శబ్దంలో ఎక్కువ భాగం స్పీకర్ పక్కలకూ కిందికీ పైకీ వదిలి, గోడలు తిప్పి పంపిందే. ఆ పక్కలకు పోయే శబ్దం కూడా ఎదురుగా వచ్చేదాని రంగులోనే ఉంటే, బండలు తిప్పి కొట్టినా గొంతు గొంతులాగే ఉంటుంది. నేను అమ్మేసిన జతలో లేనిది ఇదే. ఈ నడక టెస్టు షోరూంలో ఎవరూ చేయరు, వింతగా చూస్తారు, చూడనీయండి.

సరే, కళ్ళు. 1994లో హార్మన్ కంపెనీలో పనిచేసే ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ఒక పరీక్ష ఫలితాలు బయటపెట్టినారు. అవే స్పీకర్లు, అదే మనుషులు, ఒకసారి చూస్తూ విన్నారు, ఒకసారి పరదా వెనకాల పెట్టి విన్నారు. చూస్తూ విన్నప్పుడు మార్కులు మారిపోయినాయి, పెద్దగా ఖరీదుగా కనిపించేవాటి వైపు మొగ్గు వచ్చింది. అంతే కాదు, స్పీకర్ చోటు మార్చినా, పాట మార్చినా వచ్చే నిజమైన తేడాలను కూడా చూస్తూ వినేవాళ్ళు తక్కువ పట్టుకున్నారు. మనమూ అంతే. అందుకే ఫ్రెండ్‌ని తోడు తీసుకుపోండి. మీరు గోడ వైపు తిరిగి నిలబడితే ఆయన జతలు మార్పిస్తాడు, మీరు ఒకటి, రెండు అని నంబర్లే రాస్తారు. పల్చటి దుప్పటి ఒకటి తీసుకుపోయి ముందర తాడు కట్టి వేలాడదీసినా సరే, ట్వీటర్‌కు మరీ దగ్గరగా వద్దు. వాల్యూమ్ సమానం చేసి ఇట్లా వింటే మాకు 38 వేల జతకూ 1 లక్ష 10 వేల జతకూ మధ్య గొంతుల్లో తేడా చెప్పడం కష్టమైంది. డోలు దగ్గర, యాభై వాయిద్యాల పాట దగ్గర ఖరీదైనదే గెలిచింది, ప్రతిసారీ. నేను వినేది ఎక్కువ గొంతులే కాబట్టి నాకు జవాబు దొరికింది. మీరు ఎక్కువగా ఏం వింటారో దాన్నిబట్టి మీ జవాబు వేరే ఉంటుంది.

ఒకసారి మా అమ్మను కూడా తీసుకుపోయినాను. మూడు జతల్లో పద్యం వినిపిస్తే, రెండోదాని దగ్గర "ఈయన దగ్గరకొచ్చి పాడుతున్నాడు నాయనా, ముందుదాంట్లో ఎక్కడో స్టేజీ వెనకాల ఉన్నాడు" అనింది. నా కాగితంలో కూడా రెండో నంబరే ఉంది.

చివరగా సౌండ్ బాగా తగ్గించి, పక్క గదిలో పిల్లలు నిద్రపోతున్నప్పుడు వినేంత తక్కువలో ఒక పాట వినండి. ఇంట్లో ఎక్కువసార్లు వినేది అట్లనే. అంత తక్కువలో కూడా మాట స్పష్టంగా ఉండేదానికి నేను ఎక్కువ మార్కులు వేస్తాను.

"ఇప్పుడు కొంచెం గరుకుగా ఉంటుంది సార్, 200 గంటలు మోగితే సర్దుకుంటుంది" అంటారు. కొంచెం మారొచ్చు, కానీ ఎక్కువగా సర్దుకునేది మన చెవే. ఈ రోజు నచ్చనిదాన్ని ఆ మాట మీద కొనొద్దు.

డబ్బులు కట్టేముందు

ఆ రోజు కట్టొద్దు. కాగితాలు తీసుకుని ఇంటికి రండి, ఒక రాత్రి నిద్రపోయి పొద్దున మళ్ళీ చదువుకోండి. కొందరు డీలర్లు డిపాజిట్ తీసుకుని రెండు రోజులకు డెమో పీసు ఇంటికిస్తారు, ఇంత దూరానికి ఇవ్వకపోయినా అడగడంలో తప్పులేదు. ఇయ్యకపోతే, నచ్చకుంటే ఎన్ని రోజుల్లో మార్చుకోవచ్చో బిల్లు మీద రాయించుకోండి.

40 వేలు అంతా స్పీకర్‌కే పెట్టేయొద్దు, స్టాండ్లు, వైరు ఉన్నాయి. వైరుకు వేలు పొయ్యాల్సిన పనిలేదు, ఇళ్ళ వైరింగుకు వాడే 2.5 స్క్వేర్ ఎంఎం మంచి కాపర్ వైరు చాలు. చవక స్పీకర్ వైరు కొంటే కొసను బ్లేడుతో గీరి చూడండి, లోపల తెల్లగా కనబడితే అది రాగి పూత వేసిన అల్యూమినియం.

బిల్లు అధికారిక డీలర్‌దేనా, సీరియల్ నంబరు బిల్లు మీద ఉందా, రెండు స్పీకర్లకూ కలిసిందా చూసుకోండి. అమెరికా నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్ళు, యాంప్ లోపలే ఉండే యాక్టివ్ స్పీకర్లయితే వెనక వోల్టేజీ చదవండి. 120 వోల్టులని మాత్రమే రాసుంటే మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టిన క్షణంలో పోతుంది. మామూలు పాసివ్ స్పీకర్‌కు ఆ భయం లేదు.

ఇంటికొచ్చాక మొదటి పని బొంతో జంపఖానానో మీకూ స్పీకర్లకూ మధ్య నేల మీద పరచడం. స్పీకర్లు మూలల్లో పెట్టొద్దు, మూలలో బేస్ పెరిగి మాట కప్పేస్తుంది. వెనక గోడకు ఒక అడుగుతో మొదలుపెట్టి, మగగొంతు పాట పెట్టి, గొంతు గుమ్మనడం ఆగేదాకా బెత్తెడు బెత్తెడు ముందుకు జరపండి. వెనకాల రంధ్రం ఉండే స్పీకర్ గోడ దగ్గరే పెట్టక తప్పకపోతే దానితో వచ్చిన ఫోమ్ బిరడా పెట్టండి. మీ కుర్చీ గది సరిగ్గా మధ్యలో ఉంటే కొంత బేస్ మాయమవుతుంది, వెనక గోడకు ఆనించితే ఎక్కువైపోతుంది, రెండింటికీ మధ్యలో చూసుకోండి. తర్వాత అవే ఎనిమిది ఫైళ్ళు, షోరూం కాగితం పక్కన పెట్టుకుని, మళ్ళీ వరసగా వినండి. తంబుర ఉందా, ఘంటసాల గారు మధ్యలో ఉన్నారా, 'శ' గుచ్చుకుంటోందా. మార్చుకునే గడువు దాటేలోపలే ఈ పని అయిపోవాలి. అప్పటిదాకా అట్టపెట్టెలు, థర్మాకోల్, లోపలి గుడ్డ సంచీతో సహా అటక మీద పెట్టండి, పెట్టె లేని స్పీకర్‌ని డీలర్ వెనక్కి తీసుకోడు, రేపు అమ్మాలన్నా పెట్టె ఉన్నదానికే రేటు పలుకుతుంది.